బ్రౌజర్‌లో కదలని యాప్లెట్‌కు విద్యార్థి బాధ్యుడు కాదు

సంపాదకుల వారికి,

నమస్కారం. ప్రాక్టికల్ పరీక్షలు దగ్గర పడుతున్నందున, ఉమ్మడి వరంగల్ జిల్లాలోని డిగ్రీ, పాలిటెక్నిక్ అధ్యాపకుల దృష్టికీ, పాఠ్యప్రణాళికలు ఖరారు చేసే పెద్దల దృష్టికీ ఒక విషయం తీసుకురావాలని ఈ లేఖ రాస్తున్నాను. పైథాన్‌లో రాసిన ప్రోగ్రామును జావా యాప్లెట్‌గా, అంటే వెబ్ పేజీలో నడిచే చిన్న జావా ప్రోగ్రాముగా, కంపైల్ చేసి (యంత్రం నడపగల రూపంలోకి మార్చి) బ్రౌజర్‌లో నడిపి చూపాలన్న ప్రయోగం ఇక్కడి కొన్ని పాత ల్యాబ్ మాన్యువళ్లలో ఇంకా మిగిలి ఉంది. ఇప్పటి కంప్యూటర్లలో, ఇప్పటి బ్రౌజర్లతో ఆ ప్రయోగం చివరిదాకా సాగదు. దానికి కారణం చాలాసార్లు విద్యార్థి రాసిన కోడ్‌లో ఉండదు. అయినా రికార్డులో ఎర్ర సిరా పడేది, వైవాలో తల దించుకోవలసి వచ్చేది విద్యార్థికే.

హనుమకొండలో కంప్యూటర్ ల్యాబ్ బాధ్యత చూసే వ్యక్తిగా ఈ సమస్యతో వచ్చే పిల్లలను నేను ప్రతి ఏడూ చూస్తున్నాను. పరకాల, నర్సంపేట, జనగామ, ములుగు వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చే వీళ్లలో చాలామందికి ఇంట్లో కంప్యూటర్ ఉండదు. ల్యాబ్‌లో దొరికే ఆ కొద్ది గంటలే వాళ్లకు ఆధారం. ఆ గంటలు ఎప్పటికీ తేలని చిక్కును విప్పడంలో కరిగిపోవడం నన్ను బాధిస్తోంది.

విషయం స్పష్టం కావడానికి ఒక ఉదాహరణ చెబుతాను. భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఒక అధ్యాపకులు చాలా ఏళ్ల కిందట చెరువు తూము మీద ఒక యాప్లెట్ తయారు చేశారు. చెరువులో నీటి మట్టం ఎంత ఉంటే తూములోంచి నీరు ఎంత వేగంగా బయటికి వస్తుందో, మట్టం తగ్గుతున్న కొద్దీ ఆ వేగం ఎలా మందగిస్తుందో అందులో కదిలే బొమ్మగా కనిపించేది. తూముకు పైన 5 మీటర్ల నీరుంటే, రాపిడిని లెక్కలోకి తీసుకోకపోతే, వేగం సెకనుకు దాదాపు 9.9 మీటర్లు. మట్టం 1.25 మీటర్లకు, అంటే నాలుగో వంతుకు పడిపోతే వేగం మాత్రం సగమే అవుతుంది. పాకాల, రామప్ప చెరువుల ఆయకట్టులో పెరిగిన పిల్లలకు టారిచెల్లి సూత్రాన్ని ఇంతకన్నా చక్కగా చెప్పే పద్ధతి నాకు తెలియదు. ఆ యాప్లెట్‌నే తిరిగి రాసి కంపైల్ చేయడం ఇప్పుడు ఒక కళాశాలలో ప్రయోగంగా ఉంది. దాన్ని పట్టుకొని వచ్చిన ఒక అమ్మాయి నాతో అన్న మాట ఇది: "సార్, కంపైల్ అయితాంది గని బ్రౌజర్‌ల బొమ్మ వస్తలేదు. మా మేడం కోడ్ తప్పున్నదంటున్నరు." కోడ్ చూశాను. అందులో తప్పు లేదు.

అసలు ఈ దారిలో ఎన్ని చోట్ల అడ్డంకులున్నాయో అధ్యాపకులకు తెలిస్తే ఆ మాట అనరు. అందుకే ఒక్కో మజిలీ గురించి కాస్త వివరంగా రాస్తున్నాను, పత్రికలో స్థలం విలువైనదని తెలిసినా.

పైథాన్ భాషను జావా ప్రోగ్రాములను నడిపే జావా వర్చువల్ మెషీన్ మీద నడిపేందుకు జిమ్ హ్యుగునిన్ 1997లో జేపైథాన్‌ను ప్రారంభించారు. తరువాత దాని పేరు జైథాన్‌గా మారింది. దానితోపాటు వచ్చిన జైథాన్‌సీ అనే కంపైలర్ పైథాన్ ఫైలును ముందు జావా సోర్స్‌గా మార్చి, జేపీవర్క్ అనే ఫోల్డరులో పెట్టి, ఆపైన జేడీకే (జావా తయారీ సాధనాల సంచి)లోని జావాసీ అనే కంపైలర్‌ను పిలిచి క్లాస్ ఫైళ్లు, అంటే జావా నడపగల ఫైళ్లు, తయారు చేయించేది. మాన్యువళ్లు రాసిన వారు చూసింది ఈ పద్ధతినే. అయితే జైథాన్‌సీ 2.2 వరుసతోనే ఆగిపోయింది. 2009లో వచ్చిన జైథాన్ 2.5 నుంచి అది లేదు. ఈరోజు విద్యార్థి ఇంటర్నెట్‌లో వెతికి సహజంగానే కొత్తదైన 2.7ను దించుకుంటాడు, మాన్యువల్‌లో ఉన్న కమాండ్ కొడతాడు, అటువంటి కమాండే లేదన్న సమాధానం వస్తుంది. ప్రోగ్రాములను ఎక్కడ వెతకాలో కంప్యూటర్‌కు చెప్పే పాత్ సెట్టింగ్ తప్పేమోనని అరగంట దాన్నే సవరిస్తూ కూర్చుంటాడు. లేని ప్రోగ్రాముకు పాత్ ఎంత సవరించినా ఫలితం ఉండదు.

పాత 2.2ను సంపాదించుకున్నా భాష దగ్గర చిక్కు వస్తుంది. తరగతిలో మనం నేర్పుతున్నది పైథాన్ 3. జైథాన్ 2.2కు తెలిసిన భాష ఇరవై ఏళ్లకు పైబడినది. డెకరేటర్లు, విత్ స్టేట్‌మెంట్, ఎఫ్-స్ట్రింగ్‌లు దానికి అర్థం కావు. నంపై వంటి సీ భాషలో రాసిన లైబ్రరీలు జైథాన్‌లో పనిచేయవు. తరగతిలో సరైనదని చెప్పిన వాక్యమే ల్యాబ్‌లో సింటాక్స్ ఎర్రర్ అవుతుంటే, ఏది నమ్మాలో ఆ వయసు పిల్లలకు ఎలా తెలుస్తుంది?

కంపైల్ అయిన తరువాత వచ్చే పొరపాట్లు కొన్ని నిజంగానే దిద్దుకోదగినవి, నేర్పదగినవి కూడా. జైథాన్‌సీకి ఒక నియమం ఉంది: జావాకు కనిపించవలసిన క్లాస్ పేరు, ఆ ఫైలు పేరు ఒకటే కావాలి, పెద్ద అక్షరం చిన్న అక్షరం తేడాతో సహా. ఫైలు పేరులో తూము అన్న పదం చిన్న టీతో మొదలై, క్లాస్ పేరు పెద్ద టీతో మొదలైతే అది యాప్లెట్‌గా తయారు కాదు. విండోస్ ఈ తేడాను ఫైళ్ల పేర్లలో పట్టించుకోదు కనుక విద్యార్థి కంటికి అంతా సరిగానే కనిపిస్తుంది, జావా మాత్రం క్లాస్ నాట్ ఫౌండ్ అంటుంది. ఇంకొకటి జార్ ఫైలు, అంటే క్లాస్ ఫైళ్లన్నిటినీ కలిపి కట్టిన మూట. తూము అనే క్లాస్‌ను కంపైల్ చేస్తే ఆ పేరుతో ఒక క్లాస్ ఫైలు, దాని పక్కనే డాలర్ గుర్తు, ఆపైన పైఇన్నర్ అన్న తోక ఉన్న మరో ఫైలు వస్తాయి. ఆ రెండోది ఏదో పనికిరాని తాత్కాలిక ఫైలనుకొని జార్‌లో చేర్చని పిల్లలను చాలామందిని చూశాను. విద్యార్థి రాసిన పైథాన్ కోడ్ ఉండేది అందులోనే.

జార్ సరిగా కట్టినా, జైథాన్ సొంత లైబ్రరీ అందులో లేకపోతే నో క్లాస్ డెఫ్ ఫౌండ్ ఎర్రర్ వస్తుంది. ఆ సందేశంలో ఆర్గ్, పైథాన్, కోర్ అన్న మాటలు కనిపిస్తే జబ్బు అదేనని వెంటనే పోల్చుకోవచ్చు. జైథాన్‌సీకి కోర్ అన్న ఆప్షన్ ఇస్తే ఆ లైబ్రరీ జార్‌లోకి చేరుతుంది. ప్రోగ్రాములో ఎవాల్, ఎగ్జెక్ వంటివి (అక్షరాలుగా ఇచ్చిన కోడ్‌ను అప్పటికప్పుడు నడిపేవి) వాడి ఉంటే అదీ చాలదు. పార్సర్, కంపైలర్ కూడా కావాలి కనుక ఆల్ అన్న ఆప్షన్ ఇవ్వాలి. తూము యాప్లెట్‌లో నీటి మట్టాన్ని టెక్స్ట్ పెట్టెలోంచి తీసుకొని ఎవాల్‌తో సంఖ్యగా మార్చారు. అందుకే కోర్‌తో కట్టిన జార్ బొమ్మ గీసింది గానీ, మట్టం మార్చి ఎంటర్ నొక్కగానే ఆగిపోయింది. అక్కడ ఎవాల్ అసలు అవసరం లేదు, ఫ్లోట్ అని రాస్తే సరిపోతుంది. ఇటువంటిది పట్టుకోగలిగిన విద్యార్థికి నిండు మార్కులు వేయాలి.

మరొక లోపం ఎర్రర్ సందేశం లేకుండానే వేధిస్తుంది. పైథాన్ 2లో పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే ఫలితం కూడా పూర్ణాంకమే. కాలవ్యవధిని ఒకటి బై పది అని రాస్తే దాని విలువ సున్నా అవుతుంది. బొమ్మ గీస్తుంది, తూము తెరుచుకుంటుంది, నీటి మట్టం మాత్రం వెంట్రుకవాసి కూడా తగ్గదు. బ్రౌజర్ స్తంభించిందని అందరూ అనుకుంటారు. ఒకటి పక్కన చుక్క, సున్నా చేరిస్తే చెరువు ఖాళీ కావడం మొదలవుతుంది.

వీటన్నిటినీ చూడడానికి ఉన్న ఏకైక కిటికీ జావా కన్సోల్. జావా కంట్రోల్ ప్యానెల్‌లో దాన్ని కనిపించేట్టు పెట్టకుండా బ్రౌజర్‌లోని బూడిద రంగు చతురస్రాన్ని చూస్తూ తప్పు ఎక్కడుందో ఊహించమనడం అన్యాయం. కన్సోల్‌లో అన్‌సపోర్టెడ్ క్లాస్ వర్షన్ అని, దాని పక్కన 61 అన్న అంకె కనిపిస్తే, ఆ ఫైలును జావా 17తో కంపైల్ చేశారని అర్థం. జావా 8 చదవగలిగింది 52 వరకే. యాప్లెట్లను నడిపే ప్లగిన్ జావా 8 తరానిదే కనుక కంపైల్ కూడా ఆ స్థాయికే చేయాలి. ల్యాబ్‌లోని కంప్యూటర్లలో ఒకదాంట్లో జావా 8, మరోదాంట్లో 17 ఉండడం మామూలే. నిన్న ఆ మూల సీటులో పనిచేసిన ప్రోగ్రాము ఇవాళ ఈ సీటులో ఎందుకు రాదని పిల్లలు అడిగే ప్రశ్నకు తరచుగా జవాబు ఇదే.

ఇంతవరకు చెప్పినవి ఓపికతో సరిదిద్దుకోవచ్చు. దీని తరువాతిది విద్యార్థి చేతుల్లో లేదు. క్రోమ్ 2015 సెప్టెంబరు నుంచి, ఫైర్‌ఫాక్స్ 2017 మార్చిలో వచ్చిన 52వ వర్షన్ నుంచి జావా ప్లగిన్‌ను నడపడం మానేశాయి. ఎడ్జ్ మొదటి నుంచీ దాన్ని నడపలేదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11కు విండోస్ 10లో 2022 జూన్ 15తో కాలం చెల్లింది. జావా వైపు చూస్తే, 2017లో జావా 9తో యాప్లెట్లను కాలం చెల్లినవిగా ప్రకటించారు. 2018లో జావా 11 నుంచి ప్లగిన్‌ను, యాప్లెట్‌వ్యూయర్‌ను తీసేశారు. 2021లో జావా 17 యాప్లెట్లకు సంబంధించిన మిగిలిన భాగాన్ని తొలగింపు జాబితాలో చేర్చింది. ఎడ్జ్‌లోని ఐఈ మోడ్‌లో (పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లా నడిచే ఏర్పాటులో) పాత జావా 8 పెట్టి నడపడం మామూలు బ్రౌజర్లలో మిగిలిన సందు. కార్యాలయాల పాత సాఫ్ట్‌వేర్ కోసం ఉంచిన ఆ సందులోంచి పిల్లల చదువును నడిపించాలనుకోవడం సబబు కాదు.

ఆ సందులోకి వెళ్లినా భద్రతా నియమాలు ఆపుతాయి. 2014 జనవరిలో వచ్చిన జావా 7 అప్‌డేట్ 51 నుంచి, సంతకం లేని యాప్లెట్లను, మానిఫెస్ట్‌లో (జార్ గురించిన వివరాల ఫైలులో) పర్మిషన్స్ అన్న వరుస లేని యాప్లెట్లను మామూలు సెట్టింగ్‌లోనే అడ్డుకుంటున్నారు. జైథాన్‌సీ లేని కొత్త జైథాన్‌ను యాప్లెట్‌లో ఇమిడిస్తే ఇబ్బంది ఇంకా ఎక్కువ. అది నడుస్తూ నడుస్తూనే కొత్త క్లాసులను తయారు చేసుకుంటుంది. అందుకు సొంత క్లాస్ లోడర్ (క్లాసులను మెమరీలోకి ఎక్కించే భాగం) కావాలి, ఆ అనుమతి సంతకం లేని యాప్లెట్‌కు ఇవ్వరు. యాక్సెస్ కంట్రోల్ ఎక్సెప్షన్, క్రియేట్ క్లాస్ లోడర్ అన్న మాటలు కన్సోల్‌లో వస్తే అది పైథాన్ తప్పు కాదు, జావా తన పని తాను సరిగా చేస్తోందని గుర్తించాలి.

ఈ లేఖ రాయడానికి నన్ను పురిగొల్పిన అసలు విషయం ఇక్కడే ఉంది. ప్రయోగం ఎలాగైనా పూర్తి కావాలన్న ఒత్తిడిలో కొన్ని ల్యాబ్‌లలో జావా భద్రతా స్థాయిని పూర్తిగా దించేస్తున్నారు. ఎక్కడో దొరికిన పాత జావాను, పాత బ్రౌజర్‌ను ఎవరు పెట్టారో తెలియని సైట్లనుంచి తెచ్చి ఎక్కిస్తున్నారు. పాత జావా ప్లగిన్‌లోని లోపాలు ఒకప్పుడు ప్రపంచమంతా కంప్యూటర్లకు వైరస్ ఎక్కించడానికి వాడుకున్నవి. బ్రౌజర్లు దాన్ని వదిలించుకోవడానికి అదొక ముఖ్య కారణం. పరీక్ష అయిపోయాక ఆ సెట్టింగులను ఎవరూ తిరిగి మార్చరు. మరునాడు అదే కంప్యూటర్ మీద అదే పిల్లలు దోస్త్‌లో సీటు కోసం, ఈ-పాస్‌లో స్కాలర్‌షిప్ కోసం ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా వివరాలు నింపుతారు. ఒక తూము బొమ్మ కదలడం కోసం ఇంత ప్రమాదాన్ని పిల్లల నెత్తిన పెట్టే హక్కు మనకు లేదు. ఇప్పటికే అలా మార్చిన ల్యాబ్‌లు ఉంటే ఈ వారమే ఆ పాత జావాను తీసివేయాలని ల్యాబ్ ఇన్‌చార్జిలందరినీ కోరుతున్నాను.

అలాగని ఆ పాత అధ్యాపకుల శ్రమను చెత్తబుట్టలో వేయమని నేను అనడం లేదు. బ్రౌజర్‌లో పైథాన్ నడిపించాలన్న వారి కోరిక ఇప్పుడు మునుపటికన్నా బాగా తీరుతుంది. పైయోడైడ్ అనేది అసలు పైథాన్ ఇంటర్‌ప్రెటర్‌నే వెబ్‌అసెంబ్లీగా, అంటే బ్రౌజర్లు నేరుగా నడపగల రూపంలోకి, కంపైల్ చేసి బ్రౌజర్‌లోకి తెచ్చిన సాఫ్ట్‌వేర్. 2018లో మొజిల్లాలో పుట్టింది. దాని మీద ఆధారపడి 2022లో పైస్క్రిప్ట్ వచ్చింది. వీటికి జావా అక్కర్లేదు, ప్లగిన్ అక్కర్లేదు, భద్రతా స్థాయి దించనక్కర్లేదు. జైథాన్‌లో అందని నంపై కూడా ఇక్కడ అందుతుంది. పేజీ మొదటిసారి తెరిచినప్పుడు కొన్ని మెగాబైట్లు దించుకోవాలి కనుక, నెట్ నెమ్మదిగా ఉండే కళాశాలలు ఆ ఫైళ్లను ఒకసారి తెచ్చి ల్యాబ్‌లోని ఒక కంప్యూటర్‌లో పెట్టుకోవచ్చు. అయితే పేజీని ఫోల్డరులోంచి డబుల్ క్లిక్‌తో తెరిస్తే అవి లోడ్ కావు. పైథాన్‌తోపాటే వచ్చే చిన్న వెబ్ సర్వర్‌ను నడిపి దాని ద్వారా తెరవాలి. ఈ ఒక్క సంగతి తెలియక మొదటి రోజే విసిగి వదిలేసిన వారున్నారు, అందుకే ప్రత్యేకంగా రాస్తున్నాను.

తూము యాప్లెట్‌ను అలా మార్చినప్పుడు గమనించింది ఏమిటంటే, నీటి లెక్క ఉన్న భాగం దాదాపు యథాతథంగా పనికొచ్చింది. బొమ్మ గీసే భాగాన్ని మాత్రం, అది జావా స్వింగ్‌ను నమ్ముకున్నది కనుక, బ్రౌజర్ కాన్వాస్ కోసం మళ్లీ రాయవలసి వచ్చింది. భాగహారం విషయం ఇప్పుడు తిరగబడుతుంది. పైథాన్ 3లో మామూలు భాగహారం దశాంశాన్ని ఇస్తుంది కనుక కాలవ్యవధి దానంతటదే సరిపోతుంది గానీ, పిక్సెళ్లను లెక్కపెట్టే చోట రేంజ్‌కు దశాంశం వెళ్లి టైప్ ఎర్రర్ వస్తుంది. అక్కడ రెండు వాలుగీతల భాగహారం రాయాలి. ఒకే ప్రోగ్రామును రెండు తరాల పైథాన్‌లో చూసిన విద్యార్థికి ఈ తేడా జీవితాంతం గుర్తుంటుంది.

సోర్స్ పోయి జార్ మాత్రమే మిగిలిన యాప్లెట్లకు చీర్ప్‌జే అనే సాధనం ఉంది. అది జావాను వెబ్‌అసెంబ్లీ, జావాస్క్రిప్ట్‌ల మీద నడిపిస్తుంది కనుక పాత యాప్లెట్లు చాలావరకు ఇప్పటి బ్రౌజర్‌లో కనిపిస్తాయి. తరగతిలో చూపించడానికి అది చాలు. దిద్దడానికి, పెంచడానికి మాత్రం సోర్స్ కావలసిందే.

పాఠ్యప్రణాళికలు నిర్ణయించే పెద్దలకు నా విన్నపం ఇది. యాప్లెట్ ప్రయోగాన్ని ఈ విద్యాసంవత్సరం నుంచే పరీక్షలో తప్పనిసరి కాకుండా చేయండి. దాని స్థానంలో అదే ప్రోగ్రామును పైయోడైడ్‌లో చేయించండి. తప్పు ఎక్కడుందో వెతికే నేర్పును పరీక్షించాలన్న ఉద్దేశం ఉంటే, అది మంచి ఉద్దేశమే, జావా కన్సోల్‌లో వచ్చిన సందేశాన్ని కాగితం మీద అచ్చువేసి ఇచ్చి, ఇది కంపైల్ దగ్గరి సమస్యా, జార్ దగ్గరిదా, అనుమతి దగ్గరిదా, బ్రౌజర్ దగ్గరిదా చెప్పమనండి. ప్రశ్నకు జవాబు ఉంటుంది, విద్యార్థి ఆలోచనా బయటపడుతుంది, కంప్యూటర్ భద్రతా చెడదు. ఎక్స్‌టర్నల్‌గా వచ్చే వారు బ్రౌజర్‌లో బొమ్మ రాలేదన్న ఒక్క కారణంతో మార్కులు కోయకుండా రాతపూర్వకంగా సూచన ఇవ్వాలని కూడా కోరుతున్నాను.

పదవీ విరమణ చేసిన అధ్యాపకులకు మరొక మనవి. మీ ఇళ్లలోని పాత సీడీల్లో, పెన్‌డ్రైవుల్లో ఇటువంటి యాప్లెట్లు ఉంటే జార్ ఫైలుతోపాటు పైథాన్ ఫైళ్లను, జేపీవర్క్ ఫోల్డరును కూడా వెతికి మీరు పనిచేసిన కళాశాలకు అందజేయండి. పైథాన్ ఫైలు దొరకకపోయినా జేపీవర్క్‌లోని జావా సోర్స్‌లోంచి లెక్కల క్రమాన్ని చాలావరకు తిరిగి రాబట్టవచ్చు. సీడీలు పాడవుతున్నాయి కనుక ఈ పని వేసవి సెలవుల దాకా వాయిదా వేయవద్దు.

భవదీయుడు,
ఒక కంప్యూటర్ ల్యాబ్ బోధకుడు,
హనుమకొండ